వినిపిస్తోంది గానీ అర్థం కావట్లేదు

"ఆయనకి కావాల్సినవే వినిపిస్తాయి లెండి." అరవై దాటిన మగవాళ్లు చాలామంది ఇంట్లో ఈ మాట పడినవాళ్లే. ఇంట్లో కూర్చుని పేపరు చదివి వినిపిస్తే చక్కగా వింటారు. ఫోన్లో గంటసేపు మాట్లాడతారు. అదే పెళ్లి భోజనాల దగ్గర పక్క కుర్చీలోంచి వియ్యంకుడు ఏదో అడిగితే మాత్రం నవ్వి తలూపి ఊరుకుంటారు. ఆయన అడిగింది "బావగారూ, మోకాళ్ల నొప్పులు తగ్గాయా?" అని అయితే ఫరవాలేదు. "మా అన్నయ్య పోయిన సంగతి తెలిసిందా?" అని అయితే ఆ నవ్వు ఇద్దరి మధ్యా చాలాకాలం ఉండిపోతుంది. చివరికి పిల్లలు పట్టుబట్టి ఇ.ఎన్.టి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. అక్కడ సౌండ్‌ప్రూఫ్ గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టి, సన్నగా కూత వినబడగానే బటన్ నొక్కమంటారు. రిపోర్టు చూస్తే వయసుకి తగ్గట్టు నార్మల్. దాంతో ఇంట్లోవాళ్ల అనుమానం రూఢి అయిపోతుంది: చెవులు బాగానే ఉన్నాయి, ఈయనే చెవిన వేసుకోవడం లేదు.

ఆ రిపోర్టు తప్పు కాదు, ఆయన ఇబ్బందీ నటన కాదు. నిశ్శబ్దంలో ఎంత సన్నటి శబ్దాన్ని చెవి పసిగట్టగలదు అన్నది ఆ పరీక్ష కొలిచింది. పదిమంది మాట్లాడుతున్నచోట ఒకరి మాటను విడదీసి పట్టుకోగలరా అన్నది వేరే ప్రశ్న. ఆ పని మొదలయ్యేది చెవిలోనే అయినా, ఎక్కువ భాగం జరిగేది మెదడులో. అది ఎంత కష్టమైన పనో తెలిస్తే, కొందరికి కుదరకపోవడం కన్నా అసలు మనలో ఎవరికైనా కుదరడమే ఆశ్చర్యం అనిపిస్తుంది.

కన్నుకి ఒక సౌలభ్యం ఉంది. ఎడమవైపు కూర్చున్న మనిషి రెటీనా మీద ఒకచోట పడతాడు, కుడివైపు మనిషి ఇంకోచోట పడతాడు. చెవికి అది లేదు. ఫంక్షన్ హాల్లో డోలు, సన్నాయి, మైకులో పంతులుగారి మంత్రాలు, గిన్నెల చప్పుడు, వెనకాల పిల్లల అరుపులు, మీ ఎదురుగా మాట్లాడుతున్న పిన్నిగారి గొంతు అన్నీ గాలిలోనే కలిసిపోతాయి. కర్ణభేరి దగ్గరికి వచ్చేసరికి మిగిలేది ఒకే ఒక్క కదలిక, ముందుకీ వెనక్కీ. కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో పనిచేసిన ఆల్బర్ట్ బ్రెగ్‌మన్ ఈ చిక్కును ఒక ఉదాహరణతో చెప్పేవారు. చెరువు గట్టున రెండు సన్నటి కాలవలు తవ్వి, ఒక్కోదాంట్లో ఒక గుడ్డముక్క కట్టారనుకోండి. చెరువులోంచి వచ్చే అలలకి ఆ గుడ్డముక్కలు కదులుతుంటాయి. మీరు చెరువు వైపు చూడకూడదు. ఆ రెండు గుడ్డల కదలికే చూసి, చెరువులో పడవలెన్ని, ఏది దగ్గర, ఏది దూరం, నీళ్లలో ఎవరైనా రాయి విసిరారా అన్నది చెప్పాలి. మన రెండు చెవులూ రోజంతా చేస్తున్నది అదే.

పెళ్లి ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. మాంగల్యధారణ వేళ గట్టిమేళం వాయించేది, ఆ క్షణంలో తుమ్మో అశుభమైన మాటో ఎవరి చెవినా పడకూడదని పెద్దలు చెబుతారు. ఒక శబ్దాన్ని ఇంకో శబ్దంతో కప్పెయ్యడాన్ని వినికిడి శాస్త్రంలో మాస్కింగ్ అంటారు. డోలు విద్వాంసుడు ఆ రెండు నిమిషాలూ చేసేది పక్కా మాస్కింగ్. తర్వాత భోజనాల దగ్గర కూడా అదే స్థాయిలో వాయిస్తేనే ఇబ్బంది.

లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన కోలిన్ చెర్రీ 1953లో ఈ ప్రశ్నను ప్రయోగానికి పెట్టారు. చుట్టూ అందరూ మాట్లాడుతుంటే ఒకరు చెబుతున్నది మనం ఎలా పట్టుకుంటాం? దీనికి ఆయన పెట్టిన పేరు కాక్‌టెయిల్ పార్టీ ప్రాబ్లం. ఒకే గొంతుతో చదివిన రెండు సందేశాలను కలిపి రెండు చెవులకీ వినిపించారు. శ్రోతలు కళ్లు మూసుకుని, మళ్లీ మళ్లీ విని, కష్టపడి ఒకదాన్ని విడదీయగలిగారు. తర్వాత పడికట్టు మాటలు గుదిగుచ్చిన సందేశాలు ఇచ్చారు. అక్కడ శ్రోతలు చేతులెత్తేశారు. పడికట్టు ముక్కలను ముక్కలుగా పట్టుకున్నారు గానీ ఏ ముక్క ఏ సందేశంలోదో తేల్చుకోలేకపోయారు. ఒక మాట తర్వాత ఏ మాట రావచ్చో అర్థాన్ని బట్టి ఊహించే వీలుంటేనే మెదడు దారం వదలకుండా ఉంటుందని అక్కడే తేలింది. మన ఎన్నికల ఉపన్యాసాలు రెండు కలిపి వినిపించినా ఇదే ఫలితం వస్తుందని నా నమ్మకం.

చెర్రీ రెండో ప్రయోగం ఇంకా పేరు తెచ్చుకుంది. కుడి చెవిలో ఒక సందేశం, ఎడమ చెవిలో ఇంకొకటి. ఒకదాన్ని వింటూ వింటూనే పైకి అప్పజెప్పాలి. జనం దీన్ని తేలిగ్గానే చేశారు. చివర్లో రెండో చెవిలో ఏం వినిపించింది అని అడిగితే నీళ్లు నమిలారు. అక్కడ ఇంగ్లిష్ ఆగి జర్మన్ మొదలైనా గమనించలేదు. మగగొంతు ఆగి ఆడగొంతు వచ్చినా, మాట పోయి ఉత్త కూత వచ్చినా మాత్రం కనిపెట్టారు. అంటే వద్దనుకున్న మాట కూడా మెదడుదాకా వస్తోంది, దాని గొంతు తెలుస్తోంది, అర్థం మాత్రం లోపలికి పోవడం లేదు.

ఐదేళ్ల తర్వాత బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త డోనల్డ్ బ్రాడ్‌బెంట్ ఈ ఫలితాల మీద ఒక సిద్ధాంతం కట్టారు. మెదడు గేటు దగ్గర ఒక వడపోత ఉంటుంది, గొంతు, దిక్కు లాంటి పైపై గుర్తులు చూసి ఒక్కదాన్నే లోపలికి వదులుతుంది అన్నారు. 1959లో నెవిల్ మోరే దానికి చిల్లు పెట్టారు. వినక్కర్లేదన్న చెవిలో శ్రోత పేరు పలికితే, దాదాపు మూడో వంతు మంది ఆ పిలుపును పట్టుకున్నారు. అదే చెవిలో ఒకే పదాల జాబితాను 35 సార్లు వినిపించినా ఎవరికీ గుర్తు లేదు. ఆన్ ట్రీస్మన్ ఈ రెండింటినీ కలిపి, గేటు పూర్తిగా మూయదు, మిగతా గొంతుల్ని తగ్గిస్తుంది అంతే అని వివరించారు. మన పేరులాంటి మాటలకి లోపలికి రావడానికి కొద్దిపాటి బలం చాలు. విందులో పక్క టేబుల్ దగ్గర ఎవరో మన గురించి మాట్లాడుకుంటుంటే అంత గోలలోనూ చెవి అటు తిరిగేది అందుకే.

విడదీసే పని ఎలా జరుగుతుంది?

లోపలి చెవిలో కాక్లియా ఉంటుంది. నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టం, విప్పదీస్తే సుమారు 35 మిల్లీమీటర్లు. మొదట్లో ఉన్న భాగం కీచుమనే శబ్దాలకి, చివర్లో ఉన్న భాగం మంద్రంగా ఉండే శబ్దాలకి కదులుతుంది. కలిసిపోయి వచ్చిన కదలిక ఇక్కడ వేర్వేరు ఫ్రీక్వెన్సీలుగా చీలిపోతుంది. ఒక్కో చెవిలో దాదాపు 3,500 లోపలి రోమకణాలు ఆ కదలికల్ని నాడీ సంకేతాలుగా మారుస్తాయి. ఇంతవరకూ జరిగింది చీల్చడమే. ఏ ముక్క ఎవరి గొంతుదో చెప్పే గుర్తు ఏదీ వాటి మీద ఉండదు. ముక్కల్ని మనిషి మనిషిగా మళ్లీ కూర్చుకోవాలి.

అందుకు మెదడు చూసే మొదటి ఆధారం సమయం. ఒకే గొంతులోంచి వచ్చిన ముక్కలన్నీ ఒకేసారి మొదలై ఒకేసారి ఆగుతాయి. రెండోది శ్రుతి. మగవాళ్ల గొంతు తీగలు సుమారుగా సెకనుకి 100 నుంచి 120 సార్లు కంపిస్తే, ఆడవాళ్లవి 200 సార్లకి అటూ ఇటుగా కంపిస్తాయి. ఆ గొంతులోని మిగతా స్వరాలన్నీ ఆ సంఖ్యకి రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగా వస్తాయి కాబట్టి ఏవి ఒక కుటుంబానివో పోల్చుకోవచ్చు. ఇద్దరు మగవాళ్లు ఒకేసారి మాట్లాడితే అయోమయంగా ఉండి, ఒక మగగొంతూ ఒక ఆడగొంతూ అయితే కొంత తేలిగ్గా ఉండటానికి కారణం ఇదే.

మూడోది దిక్కు. ఇక్కడ లెక్క చూస్తే కళ్లు తిరుగుతాయి. కుడివైపు నుంచి వచ్చిన శబ్దం కుడి చెవికి చేరాక ఎడమ చెవికి చేరడానికి పట్టే అదనపు సమయం, ఎంత ఎక్కువనుకున్నా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, దానిలో మూడింట రెండు వంతులు అంతే. అందులోనూ సెకనులో లక్షో వంతు తేడా వచ్చినా మనిషి పసిగట్టగలడు. దీనికి తోడు తల అడ్డం పడి దూరపు చెవిలో శబ్దం తగ్గుతుంది, ముఖ్యంగా కీచు శబ్దాలు. ఈ రెండు తేడాలనూ మెదడు కాండంలోని కణాలు లెక్కగట్టి దిక్కు తేలుస్తాయి. దీన్ని పరీక్షించడానికి ల్యాబ్ అక్కర్లేదు. ఈసారి బాగా రద్దీగా ఉన్న హోటల్లో ఒక చెవిని వేలితో గట్టిగా మూసుకుని ఎదుటివాళ్ల మాట వినండి. గోల తగ్గాలి, తగ్గుతుంది కూడా. మాట మాత్రం ఇంకా కష్టమవుతుంది. ఒక చెవి వినబడనివాళ్లు "రెండోది ఉందిగా" అన్న ఓదార్పుని ఎందుకు చిరాగ్గా వింటారో రెండు నిమిషాల్లో అర్థమవుతుంది.

ఇన్ని చేసినా కొన్ని ముక్కలు గోలలో పూర్తిగా మునిగిపోతాయి. అయితే రొద ఎప్పుడూ ఒకే మట్టంలో ఉండదు. పక్కవాళ్లు కూడా ఊపిరి పీల్చుకోవాలి, పదానికీ పదానికీ మధ్య తగ్గాలి. ఆ రెప్పపాటు సందుల్లో మనకి కావాల్సిన గొంతు తొంగిచూస్తుంది. జార్జ్ మిల్లర్, జె.సి.ఆర్. లిక్‌లైడర్ 1950లోనే దీన్ని కొలిచారు. ఆగి ఆగి వచ్చే రొదలో మనిషి చాలా బాగా వింటాడు, ఆగకుండా హోరెత్తే రొదలో కష్టపడతాడు. ఒక్క మనిషి వాగుడుకన్నా వందమంది గుసగుసల హోరు మాటని ఎక్కువగా మింగేస్తుంది. అయితే ఆ ఒక్క మనిషి వాగుడు మనకి అర్థమయ్యే భాషలో ఉంటే అదో తలనొప్పి. 2007లో అమెరికాలో ఒక ప్రయోగం జరిగింది. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లకి ఇంగ్లిష్ వాక్యాలు వినిపిస్తూ, వెనక ఇద్దరి మాటలు కలిపారు. వెనకాల మాండరిన్ వినిపించినప్పటి కన్నా ఇంగ్లిష్ వినిపించినప్పుడు ఎక్కువ పొరబడ్డారు. బెంగళూరు దర్శినిలో (నిలబడి తినే చిన్న హోటల్లో) చుట్టూ ఎంత కన్నడం వినిపిస్తున్నా కాఫీ తాగుతూ మాట్లాడుకోగల తెలుగువాడు, పక్కన ఇంకో ఇద్దరు తెలుగువాళ్లు నిలబడితే తన మాట తానే మర్చిపోతాడు కదా.

పప్పా? కప్పా? తప్పా?

రొద అన్ని అక్షరాల మీదా సమానంగా పడదు. 1955లో మిల్లర్, ప్యాట్రీషియా నైస్లీ కలిసి 16 ఇంగ్లిష్ హల్లుల్ని రకరకాల రొదల్లో వినిపించి, ఏది దేనిలా వినబడుతోందో పట్టికలు వేశారు. ముక్కుతో పలికే మ, న లు, అలాగే బ, ద, గ లు ఒక జట్టూ ప, త, క లు ఒక జట్టూ అన్న తేడా, చాలా గోలలోనూ నిలబడ్డాయి. కొద్దిపాటి రొదకే చెరిగిపోయింది ఇంకొకటి: ఆ హల్లు నోట్లో ఎక్కడ పలికారన్నది. పెదవుల దగ్గరా, పళ్ల దగ్గరా, కొండనాలుక దగ్గరా? మన మాటల్లో పెట్టి చూడండి. పప్పు, తప్పు, కప్పు. మొదటి అక్షరం ఎక్కడ పుట్టిందన్న ఒక్క సంగతి పోతే మూడూ ఒకటే.

ఇక్కడే నాకు ఈ విషయంలో అన్నింటికన్నా నచ్చిన సంగతి ఉంది. చెవికి ఏది అందకుండా పోతుందో, అదే కంటికి దొరుకుతుంది. ప అనాలంటే పెదవులు మూయాలి. క అనేటప్పుడు మూయరు. ప కి, బ కి తేడా పెదవుల మీద కనబడదు, కానీ అది చెవికి బాగానే వినబడుతుంది. ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. ముఖం కనిపిస్తే గోలలో మాట ఎంత బాగా అర్థమవుతుందో సంబీ, పొలాక్ అనే ఇద్దరు 1954లోనే చూపించారు. రొద పెరిగేకొద్దీ కన్ను చేసే సాయం పెరుగుతుంది. 1976లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ ఇంకో వింత బయటపెట్టారు. 'గ' అంటున్న ముఖం వీడియోకి 'బ' అన్న శబ్దం అతికిస్తే చాలామందికి 'ద' వినబడుతుంది. కళ్లు మూసుకుంటే 'బ', తెరిస్తే 'ద'. పెదాలు చదవడం చెవిటివాళ్ల విద్య అనుకుంటాం గానీ అందరం పుట్టిన దగ్గర్నుంచీ చేస్తున్నదే అది. కరోనా రోజుల్లో మాస్కు వెనక నుంచి మాట్లాడే బ్యాంకు ఉద్యోగి, మధ్యలో అద్దం. "ఆ? ఏంటండీ?" అని మూడుసార్లు అడిగిన పెద్దవాళ్లలో చాలామందికి, ఇన్నేళ్లుగా తాము కళ్లతో కూడా వింటున్నామని అప్పుడే తెలిసొచ్చింది.

తెలుగుకి ఇంకో బెడద ఉంది. మన భాషలో నిడివి అర్థాన్ని మార్చేస్తుంది. "చెప్పాను" అంటే పని అయిపోయింది. "చెప్పను" అంటే పని జరగదు. తేడా అంతా ఒక దీర్ఘంలో ఉంది. అటు, అట్టు మధ్య తేడా పెదవులు మూసినా తెరిచినా కనబడేది కాదు, నాలుక ఎంతసేపు ఆగిందన్నదే. గ్రానైట్ నేల, అద్దాల గోడలు, నున్నటి సీలింగ్ ఉన్న కొత్త ఫంక్షన్ హాళ్లలో శబ్దం ఆ గోడలకి కొట్టుకుని మళ్లీ మళ్లీ వస్తుంటుంది. ఆ ప్రతిధ్వని మాట మధ్యలోని చిన్న చిన్న విరామాల్ని నింపేసి, అక్షరాల నిడివిని అలికేస్తుంది. హాలు కట్టించేటప్పుడు షాండ్లియర్‌కి పెట్టిన ఖర్చులో కొంత సీలింగ్‌కి శబ్దం పీల్చే పలకలకి పెట్టే యజమాని దొరికితే ఆయన్ని సన్మానించాలి.

మెదడు కల్పించే అక్షరాలు

పోయిన ముక్కల్ని మెదడు ఖాళీగా వదలదు. 1970లో రిచర్డ్ వారెన్ ఒక ఇంగ్లిష్ వాక్యంలోని 'లెజిస్లేచర్స్' అన్న మాటలో మొదటి 'స్' శబ్దాన్ని పూర్తిగా కోసేసి, ఆ చోట దగ్గు అతికించారు. ఇరవై మందికి వినిపిస్తే 19 మంది ఏ అక్షరమూ పోలేదన్నారు. మిగిలిన ఒక్కరూ పోయింది ఇంకో అక్షరం అన్నారు. దగ్గు వినిపించింది, కానీ అది వాక్యంలో సరిగ్గా ఎక్కడ వచ్చిందో కూడా చెప్పలేకపోయారు. దగ్గు బదులు ఉత్త నిశ్శబ్దం పెడితే మాత్రం లోపం ఇట్టే తెలిసిపోతుంది. దగ్గు ఉంటే, మాట దాని వెనకే ఉండి ఉంటుందని మెదడు ధైర్యంగా పూరించేస్తుంది. ఇది తెలిసీ తెలియక చేసే ఊహ కాదు. శ్రోతకి ఆ అక్షరం నిజంగానే 'వినబడుతుంది'.

పూరించడానికి కావాల్సిన ఆధారం తర్వాత వచ్చినా సరే. మొదటి అక్షరం పోయిన "_ప్పు తీర్చేశాడు" విన్నవాడికి అప్పు అని వినబడుతుంది. "_ప్పు ఒప్పుకున్నాడు" అయితే తప్పు, "_ప్పు వడ్డించాడు" అయితే పప్పు. క్రియ చివర్లో వచ్చే భాష మాట్లాడేవాళ్లం కాబట్టి మనం ఇలా వెనక్కి తిరిగి సరిచేసుకోవడం నిత్యం చేస్తూనే ఉంటాం.

ఏ మాట రావచ్చో ముందే తెలిసి ఉంటే ఎంత లాభమో 1951లో మిల్లర్ బృందం లెక్కగట్టింది. అర్థంలేని అక్షరాల గుంపులో సగం పట్టుకోవాలంటే, గొంతు రొదకి రెండింతలు బలంగా ఉండాలి. వాక్యంలోని మాటలకైతే రొద రెండున్నర రెట్లు ఎక్కువ ఉన్నా సగం అందాయి. అంకెలకైతే రొద 25 రెట్లు ఎక్కువ ఉన్నా సగం పట్టుకోగలిగారు. అంకెలు పదే కదా, వాటిలో ఏదో ఒకటి. సికింద్రాబాద్ స్టేషన్లో "దయచేసి వినండి" తర్వాత వచ్చేదంతా పైకప్పు కింద గింగురుమని పోతున్నా, ఒకటి రెండు ఏడు రెండు మూడు అన్న అంకెలు వినబడి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కోసం చూసేవాళ్లు సంచులు భుజానికెత్తుకుంటారు.

ఈ ఊహ అంతా భాష మీద పట్టు ఉన్నప్పుడే పనిచేస్తుంది. 1997లో అమెరికాలో మెక్సికన్ స్పానిష్ మాతృభాషగా ఉన్నవాళ్ల మీద జరిగిన అధ్యయనంలో, ఇంగ్లిష్ చిన్నప్పుడే నేర్చుకున్నవాళ్లు తట్టుకున్నంత రొదని, పద్నాలుగేళ్ల తర్వాత నేర్చుకున్నవాళ్లు తట్టుకోలేకపోయారు. నిశ్శబ్దంలో ఇద్దరికీ ఇంగ్లిష్ బాగా వచ్చినట్టే ఉంటుంది. గోల మొదలయ్యాకే తేడా బయటపడుతుంది. డల్లాస్‌లో దిగిన కొత్తలో ఆఫీసు మీటింగుల్లో బాగానే నెగ్గుకొచ్చి, సాయంత్రం రెస్టారెంట్లో టీమ్ అంతా నవ్వుతుంటే దేనికో తెలియక నవ్వే మన కుర్రాళ్లకి ఇంగ్లిష్ రాక కాదు.

ఆ లెక్కన మన ఇంగ్లిష్ మీడియం తరగతి గదుల గురించి కొంచెం టెన్షన్ పడాల్సిందే. పిల్లలకి పాఠం అందాలంటే టీచరు గొంతు రొదకన్నా కనీసం 15 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) పైన ఉండాలని వినికిడి నిపుణులు చెబుతారు. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం స్కూళ్ల చుట్టూ వంద మీటర్ల వరకూ, నిశ్శబ్ద మండలంగా ప్రకటించినచోట, పగటిపూట 50 డెసిబెల్స్ దాటకూడదు, వాణిజ్య ప్రాంతంలో పరిమితి 65. మామూలు సంభాషణ ఒక మీటరు దూరంలో సుమారు 60. మెయిన్ రోడ్డు మీద షాపుల పైన కిటికీలు తెరిచి నడుస్తున్న స్కూల్లో, గరగరలాడే ఫ్యాను కింద, వెనక బెంచీలో కూర్చుని, ఇంట్లో ఎవరూ మాట్లాడని భాషలో సైన్సు వింటున్న పిల్ల మెదడు ఎంత పని చేస్తోందో ఎవరూ మార్కులెయ్యరు.

చూడటం కుదిరినప్పుడు కనిపించింది

మెదడు ఒక గొంతును ఎంచుకోవడాన్ని నేరుగా చూసే అవకాశం 2012లో దొరికింది. కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్‌ఫ్రాన్సిస్కోలో నీమా మెస్‌గరానీ, ఎడ్వర్డ్ చాంగ్ ముగ్గురు మూర్ఛ రోగుల మీద ప్రయోగం చేశారు. సర్జరీ కోసం వాళ్ల మెదడు ఉపరితలం మీద అప్పటికే ఎలక్ట్రోడ్లు అమర్చి ఉన్నాయి. రెండు గొంతులు కలిపి వినిపించి, ఒకదాన్నే వినమన్నారు. కణత వెనకాల మెదడు భాగంలోని సంకేతాల నుంచి శబ్దాన్ని తిరిగి కూర్చి చూస్తే, రెండు గొంతుల కలగాపులగం రాలేదు. వినమన్న గొంతు ఒక్కటే విడిగా వినిపించినప్పుడు ఎలా ఉంటుందో దాదాపు అలాగే వచ్చింది. రోగి తప్పు జవాబు చెప్పిన సందర్భాల్లో సంకేతాలు రెండో మనిషి వైపు జారిపోయి కనిపించాయి. శ్రద్ధ తప్పడాన్ని గ్రాఫులో చూడగలిగారన్నమాట.

రిపోర్టులో కనబడని నష్టం

మరి అరవైలు దాటినాయనకి ఏమైంది? వయసుతో కీచు శబ్దాలు వినబడటం తగ్గుతుంది. స, శ, త లాంటి బలహీనమైన హల్లులు అక్కడే ఉంటాయి. అచ్చులు మంద్రంలో బలంగా ఉంటాయి కాబట్టి 'మాట వినబడుతుంది', పదాల అంచులు మాత్రం పోతాయి. ఇది పాత సంగతి. 2009లో హార్వర్డ్‌కి చెందిన షారన్ కుజావా, చార్లెస్ లిబర్‌మన్ చూపించింది ఇంకా ఇబ్బందికరం. ఎలుకలకి రెండు గంటలపాటు 100 డెసిబెల్స్ రొద వినిపించారు. కొన్నాళ్లకి వాటి వినికిడి పరీక్షలు మామూలైపోయాయి, రోమకణాలూ క్షేమంగా ఉన్నాయి. కానీ ఆ కణాలకీ నాడులకీ మధ్య ఉండే అతుకులు, కీచు శబ్దాల భాగంలో, సగం వరకూ తెగిపోయాయి, మళ్లీ అతుక్కోలేదు. కొన్ని అతుకులు మిగిలితే నిశ్శబ్దంలో కూత పసిగట్టడానికి సరిపోతుంది. గోలలో ఒక గొంతును విడదీయడానికి కావాల్సినంత సమాచారం మోసుకెళ్లడానికి సరిపోదు. మనుషుల్లో కూడా వయసుతో ఈ అతుకులు తగ్గిపోతాయని మరణానంతరం చెవులను పరీక్షించి చూశారు. గోలలో మాట అందకపోవడంలో దీని వాటా ఎంత అన్నదాని మీద శాస్త్రవేత్తల మధ్య వాదన నడుస్తోంది. 100 డెసిబెల్స్ అంటే ఊరేగింపులో డీజే బాక్సుల పక్కన సులువుగా దాటిపోయే మోత. తెల్లారి చెవుల్లో హోరు తగ్గింది కదా, ఏం కాలేదు అనుకోవడానికి ఆ ఎలుకల తర్వాత వీల్లేదు.

అందుకే కూతల పరీక్షతో ఆగకుండా, రొదలో మాటలు లేదా అంకెలు వినిపించే పరీక్ష కూడా చెయ్యమని అడగడం మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో విడుదల చేసిన హియర్‌డబ్ల్యుహెచ్ఓ అనే ఉచిత ఫోన్ యాప్ ఇలాంటిదే, రొదలో అంకెలు వినిపిస్తుంది. హియరింగ్ ఎయిడ్ పెట్టుకున్నాక "మొత్తం గోలంతా పెరిగింది" అని డ్రాయర్లో పడేసేవాళ్లున్నారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. శబ్దం పెంచడం యంత్రానికి తేలిక. ఏ గొంతు కావాలో దానికి తెలియదు. ఎదురుగా ఉన్నదాన్ని ఎక్కువగా, వెనకదాన్ని తక్కువగా తీసుకునే డైరెక్షనల్ మైకులు కొంత సాయం చేస్తాయి, అందుకని వినాల్సిన మనిషికి ఎదురుగా, గోలకి వీపు పెట్టి కూర్చోవాలి. రెండు చెవులకీ నష్టం ఉంటే రెండింటికీ పెట్టించుకోవాలి, ఒకదానితో సరిపెడితే దిక్కు తెలిసే లాభం పోతుంది.

వయసు తీసుకెళ్లనిది ఒకటి ఉంది. 2013లో ఇంగ్రిడ్ జాన్స్‌రూడ్ బృందం పెళ్లయి చాలా ఏళ్లయిన దంపతుల్ని పరీక్షించింది. రెండు గొంతులు కలిసినప్పుడు కొత్తవాళ్ల గొంతును పట్టుకునే శక్తి వయసుతో తగ్గింది. తమ భార్య లేదా భర్త గొంతును పట్టుకునే శక్తి తగ్గలేదు. ఇంకో సంగతి కూడా తేలింది. వేరేవాళ్ల మాట వినాల్సి వచ్చినప్పుడు, పక్కన వినిపిస్తున్న జీవిత భాగస్వామి గొంతును పట్టించుకోకుండా ఉండటం కూడా వాళ్లలో నడివయసువాళ్లకి తేలికే, పెద్దవాళ్లకి మాత్రం అంతగా కుదరలేదు. మొదట్లో అన్న "కావాల్సినవే వినిపిస్తాయి" మాటకి ఇది ఏ పక్షాన సాక్ష్యమో ఆలుమగలే తేల్చుకోవాలి.

ఇలాంటివాళ్లతో మాట్లాడేటప్పుడు మనం సహజంగా చేసే పని గొంతు పెంచడం. గోలలో గొంతు దానంతటదే పెరుగుతుందని 1911లోనే ఎత్యెన్ లంబార్ అనే ఫ్రెంచి డాక్టరు గమనించారు. హాల్లో అందరూ అదే చేస్తారు కాబట్టి చివరికి గోలే పెరుగుతుంది. అరిస్తే అచ్చులు ఉబ్బుతాయి, పోయిన హల్లులు రావు. దూరం సగం చేస్తే, బయట ఖాళీ స్థలంలో, మాట 6 డెసిబెల్స్ పెరుగుతుంది, అరవకుండానే. కొంచెం నెమ్మదిగా, అక్షరాలు మింగకుండా స్పష్టంగా పలికితే వినికిడి లోపం ఉన్నవాళ్లకి అర్థమయ్యే మాటలు 17 శాతం పాయింట్లు పెరిగాయని 1985లో అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు కొలిచారు. ముందు పేరు పెట్టి పిలిచి, ముఖం ఇటు తిరిగాక విషయం మొదలుపెట్టాలి. ఒకసారి అందని వాక్యాన్ని అవే మాటలతో మూడోసారి చెప్పే బదులు మాటలు మార్చి చెప్పాలి, ఎందుకంటే రొదలో మునిగిన హల్లు మళ్లీ అక్కడే మునుగుతుంది. "కప్పు కావాలా?" అందకపోతే "కాఫీ గ్లాసులో పొయ్యమంటారా, కప్పులో పొయ్యమంటారా?" అనండి. గ్లాసు అన్న మాట చెవిన పడితే చాలు, రెండోదేమిటో ఆయన మెదడే చూసుకుంటుంది.